ఉప్పునీళ్ల బకెట్

జాక్సన్ మిషను మీద షాఫ్టు తిప్పుతుండగా ఒక అమ్మాయి లేత్ షాపులోకి వచ్చింది. చేతిలో న్యూస్‌పేపర్ పొట్లం. నర్సు యూనిఫాం మీద వాన మచ్చలు ఇంకా ఆరలేదు.

పొట్లం విప్పి రెండు రింగులు బల్ల మీద పెట్టింది. రెండూ ఒక పక్క అరిగిపోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి.

“ఏటండీ ఇవి? మీ మామ్మగారి గాజులా?”

“తెరచాప పడవ చుక్కాని బుష్షులు. నవ్వడం అయ్యాక కొత్తవి సెయ్యగలరో నేదో చెప్పండి.”

జాక్సన్ మిషను ఆపేశాడు. పాతనగరంలో చేపల బోట్ల సామాను చెయ్యని లేత్ లేదు గానీ, తెరచాప పడవది అతని చేతికి రావడం అదే మొదలు.

ఆమె పేరు మిరియం. సీతమ్మధారలో ఒక క్లినిక్‌లో పని. తండ్రి సత్యం నేవీలో చేసి రిటైరయ్యాక పిల్లలకి సెయిలింగ్ నేర్పేవాడు. చనిపోయిన భార్య పేరు మీద ‘దీవెన’ అని ఒక చిన్న తెరచాప పడవ ఉంచుకున్నాడు. ఈమధ్య ఆయన కళ్లు పూర్తిగా మసకబారాయి. వెలుతురు తప్ప ఏదీ ఆనదు. అయినా చుక్కాని కర్ర పట్టుకుంటే చాలు, గాలీ నీళ్లూ ఎటు లాగుతున్నాయో ఆయన చేతికి తెలిసిపోయేది. షాఫ్టు తిరిగే ఆ బుష్షులు అరిగి చుక్కాని టకటకా కొట్టుకోవడం మొదలెట్టాక అదీ తెలియడం లేదు.

“మళ్లీ తన సేత్తో నడపాలని ఉంది నాన్నకి. చూపు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, ఈ చప్పుడుకి అన్నం మానేశారు” అంది మిరియం.

“నైలాన్‌తో సేసిత్తాను. సందులో గాలి కూడా దూరదు.”

“కొంచెం ఖాళీ ఉంచమన్నారు నాన్న.”

“లూజుగా సేత్తే మా షాపు పరువేటి కావాలండీ? మా నాన్న స్టీల్ ప్లాంటులో టర్నరు. కూర్మన్నపాలెంలో ఎవుర్నయినా అడగండి, మా సేతి పని టైటు.”

“నాన్న చెప్పింది చెప్పాను. మీ పరువు సంగతి నాకు తెలీదు.”

ఆ మాట అతనికి గుచ్చుకుంది. గుచ్చుకున్నందుకే బుష్షుల్ని ఇంకాస్త టైటుగా చేశాడు. మగవాళ్ల బుద్ధి కొన్నిసార్లు అలాగే పనిచేస్తుంది.

బిగించడానికి ఫిషింగ్ హార్బరుకి తనే వెళ్లాడు. ఒడ్డున దిమ్మల మీద నిలబెట్టిన పడవ కింద నడుము లోతు గొయ్యి. అంత గొయ్యి తవ్వితే గానీ చుక్కాని కిందికి దిగదు. తవ్వింది ఎవరని అడిగితే, మిరియం బొబ్బలెక్కిన అరచేతులు చూపించింది. ఆ తర్వాత అతను హాస్యాలాడలేదు.

గోతిలో నిలబడి చుక్కానిని పైకెత్తుతూ తలెత్తి చూశాడు. పైన పడవ అడుగున షాఫ్టు దూరే రంధ్రంలోంచి ఆమె ఒక కన్ను మాత్రమే కనపడుతోంది. “నన్ను కాదు, షాఫ్టుని చూడండి” అందా కన్ను.

సత్యం చుక్కాని కర్ర పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. మెత్తగా తిరిగింది. చప్పుడు లేదు. ఆయన మొహం వెలిగిపోయింది. జాక్సన్ ఛాతీ కూడా రెండంగుళాలు పెరిగింది.

పడవని నీళ్లలోకి దించారు గానీ, తుఫాను గాలులు తగ్గేదాకా అక్కడే కట్టేసి ఉంది. ఆ తర్వాత చాలా రోజులకి మిరియం మళ్లీ షాపుకొచ్చింది. అతను పడవలో మర్చిపోయిన స్పానర్ బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగింది.

“ఎలాగుంది పడవ?” అన్నాడతను.

“ఇచ్చేస్తన్నాం. సెయిలింగ్ నేర్చుకునే పిల్లలకి.”

ఆమె గొంతు విని అతను మిషను కట్టేశాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక బయల్దేరారట. సముద్రంలోకి దాటే హార్బరు నోటి దగ్గర మలుపు తిప్పబోతే సత్యం చేతికి కర్ర కదల్లేదట. రాళ్లు దగ్గరకొచ్చేశాయి. మిరియం తెరచాప దించేసింది. పైడయ్య అనే జాలరి తన బోటుతో వాళ్లని లాక్కొచ్చాడు.

“‘సేతులు కూడా పోయాయమ్మా’ అన్నారు నాన్న. అంతే. అప్పట్నుంచి కుర్చీలోంచి లేవడం నేదు.”

జాక్సన్ షట్టరు దించి ఆమెతో హార్బరుకి వెళ్లాడు. పడవలోకి దూకి చుక్కాని కర్ర పట్టుకున్నాడు. ఇనుముతో కుస్తీ పట్టే చేతులు. బలమంతా పెడితే గానీ అది కదల్లేదు.

అతనికి అర్థమైపోయింది. నైలాన్ నీళ్లు తాగి ఉబ్బింది. ఉబ్బడానికి చోటు లేక షాఫ్టుని పట్టేసింది. ముసలాయన అడిగిన కొంచెం ఖాళీ ఇందుకే.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. సత్యం తన చేతులనే అనుకుంటున్నాడు. మిరియం కూడా అదే నమ్మింది. షాపు పరువు చెక్కుచెదరదు. ఒడ్డు మీద ఆమె అలసిపోయి నిలబడి ఉంది. అతనికి తన మీదే అసహ్యం వేసింది.

“మాస్టారి దగ్గరికి తీసుకెళ్లండి” అన్నాడు.

సత్యం కుర్చీలో అరచేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జాక్సన్ ఆయన ముందు నేల మీద కూర్చున్నాడు.

“మాస్టారూ, మీ సేతులు బాగున్నాయి. తప్పు నాది. ఖాళీ ఉంచమన్నా నాను ఉంచనేదు. బుష్షు ఉబ్బిపోయింది. ఇప్పుడు నా సేతికీ తిరగలేదు.”

సత్యం అతని గొంతు వైపు తల తిప్పాడు.

“నిజమేనా బాబూ? నా మనసు కోసం సెప్తన్నావా?”

“నిజం.”

సత్యం ముఖం కప్పుకుని ఏడ్చాడు. గుమ్మం దగ్గర నిలబడిన మిరియం జాక్సన్ని చూసిన చూపులో కోపం నిండుగా ఉంది. కోపం ఒక్కటే కాదు, ఇంకేదో కూడా ఉంది.

ఈసారి అతను వేరే రకం ప్లాస్టిక్ తెప్పించాడు. నీళ్లు తాగదని అమ్మినవాడు చెప్పాడు గానీ ఎవరి మాటా నమ్మదలచుకోలేదు. రింగులు చేసి బకెట్లో సముద్రపు నీళ్లలో వేశాడు. నీళ్లు తేవడం మిరియం వంతు. డ్యూటీ దిగి రోజూ స్కూటీ మీద క్యానుతో వచ్చేది. ఇద్దరూ రింగు తుడిచి, కొలిచి, మళ్లీ నీళ్లలో వేసేవారు. మొదట్లో ఆమె కొలత తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. తర్వాత్తర్వాత రింగు తుడవడానికే చాలాసేపు పట్టేది.

ఒక సాయంత్రం ఇంటికొచ్చిన మిరియంని సత్యం అడిగాడు. “ఉబ్బిందా అమ్మా ఆ రింగు?”

“ఇంకా సూత్తన్నాం నాన్నా.”

“సూడండి సూడండి. సముద్రంలో నీళ్లు అయిపోయేలోగా సెప్పండి.”

మర్నాడు షాపులో వాన చూరు మీంచి కారుతుంటే జాక్సన్ రింగుని అరచేతిలో పెట్టుకుని అన్నాడు. “ఇది ఉబ్బదండీ. నాకు ఎప్పుడో తెలిసిపోయింది.”

“నాకూ తెలుసు. కొలత నానూ సూత్తన్నాను గదా.”

“మరి నీళ్లెందుకు తెత్తన్నారు?”

మిరియం వాన వైపు చూసింది. “ఎన్నో సంబంధాలొచ్చాయి. నాన్నని ఎవరి దగ్గర ఉంచుతావు అని అడిగారు అందరూ. ఆయన్ని వదిలి రాను జాక్సన్. అది ముందే చెప్పాలి.”

అండీ లేకుండా ఆమె అతన్ని పేరుతో పిలవడం అదే మొదటిసారి.

“మీరు రావద్దు. నానే వత్తాను” అన్నాడు జాక్సన్. “మాస్టారి మాట ఒకసారి వినలేదు. ఇకమీదట రోజూ వింటాను. మీరంటే నాకు చాలా ఇష్టం.”

ఆమె అతని అరచేతిలోని రింగుని తీసి, యూనిఫాం జేబులో వేసుకుంది.

బుష్షులు బిగించాక పడవని మళ్లీ నీళ్లలో నానబెట్టారు. ఆ తర్వాతే ముగ్గురూ బయల్దేరారు. హార్బరు నోటి దగ్గర మిరియం ఊపిరి బిగపట్టింది. సత్యం కర్ర తిప్పాడు. పడవ మెల్లిగా తిరిగి రాళ్లని దాటింది.

“డాల్ఫిన్ కొండ చాటు దాటేశాం. గాలి మారింది” అన్నాడు సత్యం. నిజంగానే హార్బరు పక్కనున్న ఆ కొండ వెనకబడింది. ఆ సంగతి ఆయనకి చెప్పినవాళ్లెవరూ లేరు.

చాలా దూరం ఆయన ఒక్కడే నడిపాడు. తర్వాత పక్కన తట్టి చూపించాడు. “జాక్సన్, ఇలా కూకో. పట్టుకో.”

జాక్సన్ కర్రని బిగించి పట్టుకున్నాడు. సత్యం అతని వేళ్లని తడిమి ఒక్కొక్కటే వదులు చేశాడు.

“అంత టైటు వద్దు బాబూ. సేతికి తెలియనీ.”

వేళ్లు వదులయ్యాక కర్రలోంచి సన్నటి వణుకు జాక్సన్ అరచేతిలోకి వచ్చింది. కింద నీళ్లు కదులుతున్నట్టు తెలుస్తోంది. అతను మిరియం వైపు చూశాడు. ఆమె తెరచాప తాడు పట్టుకుని, కళ్లు తుడుచుకోకుండా నవ్వుతోంది.

“వచ్చే ఆదివారం మీ వాళ్లని తీసుకురా, చర్చికి” అన్నాడు సత్యం. “మాట్లాడుకుందాం.”

“అలాగే మాస్టారూ.”

సత్యం తన చేతిని అతని చేతి పక్కనే, అదే కర్ర మీద ఉంచాడు.

“దారి నువ్వు సూడు. గాలి సంగతి నాను సెప్తాను.”