ప్రాసెసర్‌కు బంతి భోజనం

"ఈ సర్వర్ మీద టిఫిన్ డబ్బా పెట్టిందెవరు?"

సుభాష్ సంతోషితో మాట్లాడిన మొదటి మాట అదే.

"నేనే. చల్లారితే రొట్టె గట్టిగైతది. గిది ఎట్లా వేడిగనే ఉంటది గదా."

"మేడం, ఇది సర్వర్. పొయ్యి కాదు!"

"నాకు తెల్వదా? వారం సంది రోజూ తుడిచేది నేనే."

నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుగా సిరాజుద్దీన్ నడిపే కంప్యూటర్ సెంటర్ అది. 2012 జూలై. పాత కంప్యూటర్లన్నీ మూలపడితే, ఆయన వాటికి బదులు ఒక్క సర్వర్ తెప్పించాడు. దాని లోపలే ఇరవై కంప్యూటర్లు వేరువేరుగా ఉన్నట్టు నడుస్తాయి. పిల్లల ముందు ఉండేవి తెరలు, కీబోర్డులే. ప్రాసెసర్ ఇరవై మందినీ మోయగలదో లేదో కొలవడానికి కంపెనీ సుభాష్‌ను పంపింది. పక్కనే ఉన్న కంగ్టిలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడ్డ కుర్రాడు.

మోయలేకపోతే సెంటర్‌ను జహీరాబాద్‌కు మార్చేస్తానన్నాడు సిరాజుద్దీన్. ఇంటర్ సగంలో ఆగిన సంతోషికి దొరికిన ఒక్క కొలువు ఈ సెంటర్‌ను చూసుకోవడమే. ఊరు దాటి పనికి పంపనని అమ్మ అమృతమ్మ ముందే తేల్చి చెప్పింది.

మధ్యాహ్నానికి సుభాష్ గంతేశాడు. "పాస్! ఇరవై మంది టైప్ చేస్తున్నట్టు పెట్టి కొలిచిన. ప్రాసెసర్ సగం గూడ అలిసిపోలే!"

"మరి కరెంట్ పోయొస్తే? ఇరవై ఒక్కసారే లేస్తయి గదా సార్. గది కొలిచిన్రా?"

"నా లిస్టుల గది లేదు మేడం," అని నవ్వేశాడు.

రెండు గంటల బ్యాచ్ కూర్చుందో లేదో కరెంట్ పోయింది. సర్వర్‌కు ఆసరాగా పెట్టిన పాత బ్యాటరీ చేతులెత్తేసింది. కరెంట్ రాగానే ఇరవై యంత్రాలూ ఒక్కసారే లేవబోయాయి. సుభాష్ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ మీది భారం చూపే గీత నూటికి ఎగబాకి అక్కడే అతుక్కుపోయింది. అరగంటైనా ఒక్క తెర తెరుచుకోలేదు.

సుభాష్ ముఖం ఎర్రబడింది. "మెయిన్ స్విచ్ మీరే తీసిన్రు గదా? నన్ను ఓడగొట్టనీకి!"

"ఏంది? నా కొలువు నేనే పోగొట్టుకుంటనా?"

గొడుగైనా తీసుకోకుండా సంతోషి వానలోకి నడిచింది.

వెనకే వచ్చిన సుభాష్‌కు పక్క జిరాక్స్ షాపు కిష్టప్ప గొణుగుడు వినబడింది. "లైన్ మొత్తం పోయె. మిషన్ల కాయితం సగంలనే ఇరికిపాయె."

సుభాష్‌కు సిగ్గేసింది. పరుగెత్తి ఆమెకు ఎదురు నిలబడ్డాడు.

"తప్పైంది సంతోషీ. నువ్వడిగిందే అసలు పరీక్ష. ప్రాసెసర్‌కు నాలుగే కోర్లు, అంటే నాలుగే చేతులు. ఇరవై మంది ఒక్కసారే మీద పడ్డరు."

"నాలుగే చేతులుంటే అందరికీ ఒక్కసారే ఎట్ల వడ్డిస్తరు? పెండ్లిల ఏం చేస్తం? ఒక బంతి లేచినంక ఇంకో బంతి కూసుంటది. నలుగురు నలుగురిని లేపు."

సుభాష్ ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. చూపు మరీ ఎక్కువసేపు నిలిచిందని తెలిసి, వానను చూస్తున్నట్టు నటించాడు.

రెండు నిమిషాలకో బంతి, బంతికి నలుగురు. సుభాష్ సర్వర్‌లో అలాగే మార్చాడు. సిరాజుద్దీన్ స్వయంగా మెయిన్ స్విచ్ పట్టుకున్నాడు. "పావుగంటల అన్ని తెరలు రావాలె. లేకుంటే జహీరాబాదే."

స్విచ్ తీసి, మళ్లీ వేశాడు. నాలుగు తెరలు వెలిగాయి. ఎనిమిది. పన్నెండు. నాలుగో బంతికి గీత తొంభై ఐదు తాకింది. గీత మెల్లగా దిగింది. పన్నెండో నిమిషంలో ఇరవయ్యో తెర కూడా వెలిగింది! పిల్లల చప్పట్లతో పైకప్పు రేకులు దద్దరిల్లాయి.

"శబాష్ బేటా! ఇగ నేనేడికి పోను," అన్నాడు సిరాజుద్దీన్.

సుభాష్ 'పాస్' అని రాసిన పాత రిపోర్టు కొట్టేసి, కొత్తది రాసి సంతోషి ముందు పెట్టాడు. అడుగున ఉంది: 'కొలిచినవారు: సంతోషి, సుభాష్.'

"నా పేరు ముందెందుకు?"

"దారి జూపింది నువ్వు గాబట్టి. నాకైతే..." అతను కాగితం మీది రెండు పేర్లనూ వేలితో చూపించాడు. "మన పేర్లు పెండ్లి కార్డు మీద గూడ ఇట్లనే పక్కపక్కన ఉండాల్నని ఉంది."

సంతోషి చెవులదాకా ఎర్రబడింది. కాగితాన్ని నాలుగుసార్లు సర్దింది.

"గా ముచ్చట మా అమ్మతోని మాట్లాడాలె. ఒక్కనివే రాకు, మీ పెద్దోళ్లను తోలుకొని రా."

"ఆదివారం?"

"ఆదివారం అమ్మ కలుపుకు పోతది." తల దించుకునే నవ్వింది. "శనివారమే రా."