పంటి కింద రంగు గింజ

వారంలో మూడో దాడి కూడా తుస్సుమంది. పత్తర్‌గట్టి దుకాణాల కింద రైతు వేషంలో నిలబడ్డ ఏజెంట్ ఇస్సాకుకు ఒళ్ళు మండిపోతోంది. మే నెల, పగలు పదకొండు గంటలు. అతికించుకున్న మీసం చెమటకు జారుతోంది. వినికిడి మిషన్‌లా కనిపించే ఇయర్‌పీస్‌లో చీఫ్ ప్రహ్లాద్ గొంతు గరగరలాడింది.

"రిపోర్ట్."

"పచ్చళ్ల దుకాణం సార్. నాగమణమ్మ అని ఒకామె. మామిడికాయ టెంకల గురించి ఫోన్ల మాట్లాడింది. గంతే."

"సాఫ్ట్‌వేర్ తొంభై రెండు శాతం మ్యాచ్ చూపించింది."

"మరి సాఫ్ట్‌వేర్‌నే పంపకపోతిరి సార్."

ఆ సాఫ్ట్‌వేర్ పేరెత్తితేనే ఇస్సాకుకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఫోన్లో ఎవరు విత్తనం అన్నా అది పట్టేస్తుంది. పర్యాయపదాలన్నీ ఎక్కించమని ఢిల్లీ నుంచి ఆర్డర్. విత్తు, బీజం, గింజ, టెంక, పిక్క, ఇత్తనం అంటూ ఆరు ఫారాలు నింపింది ఇస్సాకే. ఫలితం, బీజం అన్న పాపానికి మొదటి దాడి బీజగణితం ట్యూషన్ మీద జరిగింది. రెండోది శిష్యుడికి బీజాక్షరాలు చెబుతున్న పూజారి బసవయ్య మీద. ఆయన శపించలేదు గానీ శపించినంత పని చేశాడు.

దొంగతనం మాత్రం నిజం. నెల క్రితం నగర శివార్లలోని ఓ పరిశోధన క్షేత్రంలో విత్తనాలు దాచే చల్లగది తగలబడింది. ముప్పై రోజులు చినుకు పడకున్నా నిలబడే కొత్త జొన్న, దాని మూల విత్తనం అంతా బూడిదైంది. ఒక్క అరకిలో మిగిలింది. దాన్ని విదేశీ ముఠా ముందే ఎత్తుకుపోయి, తర్వాత నిప్పు పెట్టింది. అది దేశం దాటిందంటే పేటెంట్ వాళ్ళది, కొనుక్కునే ఖర్మ మనది.

ఆ పొలంలో పదకొండేళ్ళు ఎండలో కూర్చుని, సంకరం కోసం ఒక్కో జొన్న పువ్వులోంచి పుప్పొడి తిత్తులను చిన్న పట్టకారుతో గిల్లిన కూలీల్లో ఇస్సాకు తల్లి సుందరమ్మ ఒకతి. మంటల సంగతి తెలిసిన రోజు ఫలక్‌నుమా ఇంట్లో ఆమె పొయ్యి వెలిగించలేదు. ఈ మాట ఇస్సాకు ఏ ఫారంలోనూ రాయలేదు.

ఇక మిగిలిన ఆధారం స్వీటీ. పైకి పెళ్లి బట్టల బొటిక్ ఓనర్. లోపల, ముఠాలో చేరినట్టు నటిస్తూ ఇస్సాకు పనిచేసే నిఘా బ్యూరోకు సమాచారం అందించే డబుల్ ఏజెంట్. నెమలికంఠం రంగు చీరలో, నల్ల కళ్ళద్దాలతో ఆమె నడిచి వస్తుంటే బేరాలు ఆగిపోయాయి.

"మృగశిర ముందే వచ్చిందా అన్నా?" అంది, ఇస్సాకును చూడకుండా.

"రాలే. గొడుగైతే కొన్న."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "సాయిలు విత్తనాల దుకాణం. వెనక రూమ్. ఆయన పరారైండు, సరుకు ఆడనే ఉన్నది."

వెనక గదిలో బస్తాల సందున గుడ్డసంచి దొరికింది. లోపల గులాబీ రంగు జొన్నలు. పురుగు పట్టకుండా విత్తనానికి మందు పట్టించారనీ, అందుకే ఆ రంగనీ ఫైల్లో ఉంది. తూకం సరిగ్గా అరకిలో. స్వీటీ ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కటుక్కుమనిపించింది.

"మంచిగ ఎండింది. అసలు సరుకే అన్నా."

"మిషన్ సక్సెస్," అన్నాడు చెవిలో ప్రహ్లాద్. "సీల్ చేసి వచ్చేయ్."

ఇస్సాకు లక్క కరిగించబోయి ఆగిపోయాడు. చిన్నప్పుడు అమ్మ వెంట కూలి పొలానికి వెళ్ళి, ఇలాంటి గింజే తను నోటి దగ్గరికి తెస్తే అమ్మ వీపు చిట్లేలా కొట్టింది. రంగు పట్టింది ఇత్తనం బిడ్డా, విషం, నోట్లె వెట్టొద్దు అని ఏడుస్తూ చెప్పింది. కొరికి చూడటం ధాన్యం కొనే బేరగాళ్ళ అలవాటు. విత్తనం పట్టిన చెయ్యి ఆ పని చెయ్యదు. ఈమె ధైర్యంగా కొరికిందంటే, అందులో మందు లేదని ఆమెకు ముందే తెలుసు.

నాలుగు గింజలు అరచేతిలో తడిపి నలిపి వాసన చూశాడు. మందు కంపు లేదు. మిఠాయి రంగు.

"సార్, ఇది ఇత్తనం కాదు."

"మరేంటి?"

"గింజలు."

"రెండూ ఒకటేనని ఫారంలో నువ్వే రాశావుగా?"

ఇస్సాకు తల పైకెత్తేసరికి స్వీటీ లేదు. ఏం చెప్పినా ఈయన బుర్రకెక్కదనుకుని, పంచె ఎగగట్టి చార్మినార్ వైపు పరుగెత్తాడు.

పావురాలకు మేత వేసే చోట జనం జొన్నల పొట్లాలు కొని చల్లుతున్నారు. స్వీటీ ఒక విదేశీ టూరిస్టు పక్క నుంచి ఆగకుండా నడిచి వెళ్ళింది. మరుక్షణం అతని చేతిలో పొట్లం ఉంది. కాస్త పెద్ద పొట్లం. చల్లుతాడేమోనని ఇస్సాకు చూశాడు. అతను దాన్ని బ్యాగులో పెట్టి జిప్ లాగాడు. పావురాల మేత కొని ఇంటికి పట్టుకుపోయే మనిషిని ఇస్సాకు పాతబస్తీలో ఇంతవరకు చూడలేదు.

ఇస్సాకు బ్యాగు పట్టుకున్నాడు. పెనుగులాటలో టూరిస్టు పొట్లం లాగి, చించి, పావురాల గుంపులోకి విసిరాడు. పావురాలు సాక్ష్యం తినేస్తే కేసు ఉండదు. పావురాల మేతలా కనబడేందుకు తెల్లగా కడిగి ఆరబెట్టిన జొన్నలు రాతినేల మీద చెల్లాచెదురయ్యాయి. ఒక్కో గింజ మొన దగ్గర కడిగినా పోని గులాబీ రంగు. రెక్కల చప్పుడుతో పావురాలు దిగాయి. ఇస్సాకు తువ్వాలు పరిచి దాని మీద బోర్లా పడ్డాడు. వీపు మీద పావురాలు, మోకాళ్ళ కింద నెత్తురు, మీసం ఎటో పోయింది. పదకొండేళ్ళ పని తన కడుపు కింద ఉందన్న ఒక్కటే స్పృహ.

గొడవకు పరుగెత్తుకొచ్చిన మఫ్టీ పోలీసులు టూరిస్టును, స్వీటీని పట్టుకున్నారు.

"ఎట్ల కనిపెట్టినవ్ అన్నా?" అంది స్వీటీ.

"పెదవి తుడుచుకో. మిఠాయి రంగు అంటింది."

ఇస్సాకు ఫోన్ చేసిన గంటలో సుందరమ్మ చాట పట్టుకుని ఆటో దిగింది. నేల మీద కూర్చుని దుమ్ము చెరిగి, ఒక్కో గింజా ఏరింది. నాలుగు వందల గ్రాములు తేలింది. "సాలు బిడ్డా, మల్ల మొలిపిస్తం," అని కొడుకు మోకాలికి పసుపు అద్దింది. ఇస్సాకు కళ్ళు తడిశాయి, దాచుకోలేదు.

సాయంత్రం ప్రహ్లాద్ ఫోన్. "గుడ్ జాబ్. కానీ అర్జెంట్. సాఫ్ట్‌వేర్ కొత్త అలర్ట్ ఇచ్చింది. ఫలక్‌నుమాలో ఒకామె ఈ రోజు ఫోన్లో నలభై ఒక్కసారి ఇత్తనం అంది. వంద శాతం మ్యాచ్. వెంటనే దాడి చెయ్."

"చేస్త సార్," అన్నాడు ఇస్సాకు, వంటింట్లోంచి వస్తున్న జొన్నరొట్టె వాసన పీలుస్తూ. "ముందు ఆమె చేతి అన్నం తినొస్త."