ఎప్పుడూ నిండుగా ఉండే డబ్బా

"ఈ డబ్బా ఇంకా నిండుగా ఎందుకుంది?"

ఆ ప్రశ్న హర్డిల్స్ వీరుడికి అర్థం కాలేదు. స్టేడియం మెట్ల మీద అందరి ముందూ తన ప్రోటీన్ పౌడర్ డబ్బాని గర్వంగా ఎత్తి చూపించింది అతనే. అడిగింది సప్లిమెంట్లు పరీక్షించే ల్యాబ్ నుంచి వచ్చిన కెమిస్టు. అప్పటిదాకా ఆమె ఆటగాళ్ళకి చెప్పింది డబ్బా మీద ఏం చూడాలో. కంపెనీ తన గురించి తను చెప్పుకునేది నమ్మొద్దు, దానితో సంబంధం లేని ల్యాబ్ వేసిన ముద్ర చూడండి, డబ్బా అడుగునున్న బ్యాచ్ నంబర్ ఆ ల్యాబ్ సైట్‌లో ఉందో లేదో వెతకండి అంది. అతని డబ్బాకి ముద్ర ఉంది. నంబర్ ఆమే ఫోన్‌లో వెతికింది, దొరికింది. ఇక చప్పట్లే తరువాయి అనుకున్నాడు.

ఆమె చప్పట్లు కొట్టలేదు. డబ్బాని చేతిలో ఎత్తి బరువు చూసింది. ఈ బ్యాచ్ నిరుటిది, రోజూ తాగుతున్నారా అని అడిగింది. రెండు పూటలా అన్నాడు.

"అయితే ఎప్పుడో అయిపోవాలి కదా?"

"మా ఇంట్లో అది అక్షయపాత్రండీ."

తోటివాళ్ళు పడీపడీ నవ్వారు. ఆమె నవ్వలేదు కానీ, ఆమె చూపు అతని మొహం మీద అవసరానికి మించి ఒక్క క్షణం ఆగింది. అది కోపమో కుతూహలమో అతనికి తేలలేదు.

"దాన్ని నింపేదెవరో నేను చూడొచ్చా?"

ఒక అమ్మాయి తనంతట తాను అతని ఇంటికి వస్తాననడం అదే మొదలు. కారణం పౌడరైతేనేం?

దారిలో వాన అందుకుంది. గొడుగు ఆమెది, తడిసిన భుజం అతనిది. దారంతా ప్రశ్నలే. డబ్బా ఎవరు కొంటారు, ఎక్కడ పెడతారు, మూత ఎవరు తీస్తారు. తన గురించి ఇంత ఆసక్తిగా ఎవరూ ఎప్పుడూ అడగలేదనుకుని మురిసిపోయాడు. ఆమె అడుగుతున్నది డబ్బా గురించని వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

వంటింట్లో వదిన కుక్కర్ మూత పెడుతోంది. మరిది వెనకాల అమ్మాయిని చూడగానే కొంగుతో చేతులు తుడుచుకుని మొహం వెలిగించుకుంది. వచ్చిన పని వినగానే ఆ వెలుగు కొంచెం తగ్గింది.

అందులో దాచడానికేముంది అంది వదిన. ఇన్నాళ్ళూ ముద్ర ఉన్న కొత్త డబ్బాలే తెచ్చి ఈ పాత డబ్బాలోకి ఒంపేదట, నిన్న మాత్రం షాపులో డబ్బాలు లేవని అదే కంపెనీ ప్యాకెట్ ఇచ్చారట. ప్యాకెట్‌కి తేమ తగులుతుంది, డబ్బా మూత బిగుతుగా ఉంటుంది. పప్పు, పంచదార పోసినట్టే ఇదీ పోసేసింది. ప్యాకెట్ తెచ్చి చూపించింది. అడుగున కాస్త పౌడర్ మిగిలుంది. దాని మీద నంబర్ వేరు. ముద్ర లేదు. కెమిస్టు ఫోన్‌లో వెతికితే ఆ నంబర్ ఎక్కడా రాలేదు.

"పేరు ఒకటే కదమ్మా," అంది వదిన మెల్లగా.

"పరీక్ష చేసేది పేరుకి కాదండీ, బ్యాచ్‌కి. ఇందులో ఏముందో ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు."

అతను డబ్బా మూత బిగించి పక్కన పెట్టేశాడు. వచ్చే వారమే సెలక్షన్ పోటీ. గెలిచినవాళ్ళకి డోపింగ్ పరీక్ష ఉంటుంది. ఒంట్లో నిషేధిత మందు బయటపడితే తెలియక తాగానన్నా చెల్లదు. ఇన్నేళ్ళ పరుగూ ఒక్క కాగితంతో ఆగిపోతుంది. నిన్నటి నుంచి తాగుతున్నది ఆ పౌడరే.

"ప్యాకెట్ పట్టుకెళ్ళండి," అన్నాడు చివరికి. "అందులో ఏమైనా దొరికితే నేను పరిగెత్తను. మా టీమ్ డాక్టర్‌కి నేనే చెప్తాను."

ఆమె చూపు ఈసారి కూడా ఆగింది. ఈసారి చాలాసేపే ఆగింది.

ఆ తర్వాత ఆమె ఫోన్ ఎత్తలేదు. మెసేజ్‌కి జవాబు లేదు. విషయం చెప్పడానికి మొహం చెల్లడం లేదేమోనని అతను, తన చేత్తో పోసిన పౌడరని వదిన, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఓదార్చుకుంటూ ఇంకా భయపడ్డారు. ల్యాబ్ నుంచి పిలుపు రాగానే అతను పరుగున వెళ్ళాడు.

కౌంటర్ దగ్గరున్నది ఆమె కాదు, ఆమె పై అధికారి. కళ్ళజోడు సర్దుకుని విషయం సూటిగా చెప్పారు. వెతికిన నిషేధిత మందులేవీ అందులో లేవు. అయినా ఇక దాన్ని వాడొద్దు, ముద్ర ఉన్న బ్యాచే కొనుక్కో అన్నారు.

"ఆమె చూశారా సార్, శాంపిల్?"

"లేదయ్యా. కావలసినవాళ్ళది, నేను ముట్టుకోకూడదని మొదటి రోజే తప్పుకుంది. ఫలితం కూడా అడగలేదు."

అతను బయటికి పరుగెత్తాడు. వాన మళ్ళీ మొదలైంది. ఆమె గేటు దగ్గర గొడుగు మూసే పట్టుకుని నిలబడి ఉంది. తడుస్తున్న సంగతి ఆమెకి తెలిసినట్టు లేదు.

"ఏమైంది?" అంది.

"ముందు మీరు చెప్పండి. కావలసినవాళ్ళు ఎవరు?"

"ముందు ఫలితం."

"ఏమీ లేదు. పరిగెత్తొచ్చు."

ఆమె కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత గొడుగు విప్పి అతని వైపు జరిపింది.

"ఫోన్ ఎత్తి ఉంటే చెప్పేసేదాన్నేమో. శాంపిల్ లోపల ఉండగా అలాంటి మాటలు కుదరవు." కాస్త ఆగి, రోడ్డు వైపు చూస్తూ అంది. "ఇక మీదట కూడా మీ శాంపిల్స్ నేను చూడలేను. అన్నీ పక్క టేబుల్‌కే."

"ఎప్పటిదాకా?"

"ఎప్పటికీ."