వెనకసీటు కపాలం

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

గోదావరి మీదుగా పొర్లుకొచ్చిన కారుమేఘాలు సూర్యబింబాన్ని అమాంతం కబళించాయి. నాందేడ్ నగరం మీద పట్టపగలే చీకటి దిగింది. దూరంగా ఉరుము... ఆ వెంటనే, ఊరి చివర పదేళ్లుగా మూతపడి ఉన్న పత్తిమిల్లు పైకప్పులోంచి ఒక గుడ్లగూబ వికృతంగా కూసింది. పగటిపూట కూసే గుడ్లగూబ మరణాన్ని పిలుస్తుందని ఆ చుట్టుపక్కల వాళ్ల నమ్మకం.

ఆ మిల్లులోపల, తుప్పు పట్టిన యంత్రాల నడుమ, ఒక మనిషి నల్లబట్ట కట్టుకుని కూర్చున్నాడు. అతని ముందు హోమకుండం. పక్కన నెత్తురు ఇంకా ఆరని కోడి తల. అతని ఒడిలో ఒక మానవకపాలం తాలూకు కింది దవడ మాత్రం ఉంది... పైభాగం లేదు! హోమకుండానికి ఎదురుగా నేలమీద బూడిదతో గీసిన పెద్ద వలయం. ఒక కారు పట్టేంత వలయం.

అతని పేరు విలాస్. దయ్యాలు వదిలిస్తానని చెప్పి బతికే మాంత్రికుడు. ఆరేళ్ల కిందట కుండల్‌వాడిలో, ఒక పిల్లవాడి తల్లికి గాలి సోకిందని చెప్పి ఎర్రగా కాల్చిన ఇనుపకడ్డీతో ఆమె వీపు మీద వాతలు పెట్టాడు. ఆ పిల్లవాడికి పాఠాలు చెప్పే పంతులమ్మ ఊరుకోలేదు. ఆ తల్లిని వెంటబెట్టుకుని పోలీసు ఠాణాకు పోయింది. చేతబడులను నిషేధించే జాదూటోణా చట్టం కింద విలాస్ రెండేళ్లు జైల్లో ఉన్నాడు. కోర్టులో నిలబడి, అతని కళ్లల్లోకి చూస్తూ సాక్ష్యం చెప్పిన ఆ పంతులమ్మ పేరు శ్రద్ధ.

జైలు గోడల మధ్య అతను ఒక్కటే జపం చేశాడు... శ్రద్ధ! శ్రద్ధ! శ్రద్ధ!

బయటికి వచ్చిన ఏడాదికే పగ తీర్చుకున్నాడు. శ్రద్ధ తండ్రి వెంకటి తన పాత కారు సీట్లు కుట్టించడానికి ఒక దుకాణంలో వదిలి పోయినప్పుడు, అక్కడి పనివాడికి ఆశ చూపి వెనకసీటు లోపల కపాలం పైభాగాన్ని పెట్టించి కుట్టించాడు. దానిమీద సిందూరంతో శ్రద్ధ పేరు, జన్మనక్షత్రం రాసి ఉన్నాయి. నెల తిరగలేదు. తొమ్మిది నెలల గర్భిణి అయిన శ్రద్ధను తల్లిదండ్రులు కాన్పుకని కుండల్‌వాడి నుంచి నాందేడ్ తీసుకొస్తుంటే దారిలో నొప్పులు మొదలయ్యాయి. కారు ఆగిపోయింది. కుండపోత వాన. రోడ్డుకు అడ్డంగా చెట్టు కూలడంతో అంబులెన్సు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే ఆ వెనకసీటులో తల్లీ, కడుపులోని బిడ్డా చల్లబడిపోయారు.

అది జరిగి మూడేళ్లు. చంపడం ఒక్కటే అయితే విలాస్ పగ అక్కడితో చల్లారేది. కాని అతనికి అంతకు మించి కావాలి. ఆమె ఆత్మను తన కాళ్ల దగ్గర పడి ఉండే బానిసగా చేసుకోవాలి. మూడో ఏటి ఆషాఢ అమావాస్య ఘడియలు దాటకముందే కపాలమూ దవడా ఒకటి కావాలి... ఆమె ప్రాణం పోయిన ఆ కారు వలయంలో నిలవాలి. లేకపోతే ప్రయోగం తిప్పికొట్టి కర్తనే కబళిస్తుంది! అందుకే, ఏమీ తెలియని నితీశ్ అనే కార్ల దళారిని ఆ ఉదయమే వెంకటి ఇంటికి పంపించాడు.

* * *

ఆ ఇంట్లో కారు గురించి మాట వస్తే చాలు, మూడేళ్లుగా గొడవే.

పద్దెనిమిదేళ్ల పాత బండి అది. ధర్మాబాద్ ధాన్యం మార్కెట్లో గుమాస్తాగా పనిచేసే రోజుల్లో వెంకటి ముచ్చటపడి కొన్నాడు. ఇప్పుడు ఎక్కడ నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. మొన్న గోదావరి వంతెన మధ్యలో ఆగిపోతే వెనక లారీ అంగుళం దూరంలో బ్రేకు వేసింది. ఆ రోజు కారులో ఉన్నది చిన్నకూతురు ప్రాజక్త.

"బాపు, గిది ఇంకోళ్ల పానం తీసినంక మారుస్తవా?" అంది ప్రాజక్త ఆ పొద్దున. "గీ దళారి బజారు ధరకు రెట్టింపు ఇస్త అంటుండు. గిది ఇచ్చేసి కొత్తది బుక్ చేద్దాం."

తల్లి జనాబాయి గుమ్మంలో కూర్చుని ఉంది. "అమ్మెటట్లయితే నన్ను గూడ దాంతోనే అమ్ముండ్రి," అంది. "నా బిడ్డ ఆఖరి ఊపిరి గా సీట్లనే ఉంది."

కొత్త బండి కొనమని శ్రద్ధ ఎన్నిసార్లు చెప్పిందో వెంకటికి గుర్తుంది. వచ్చే పంటకు చూద్దాం, వచ్చే దసరాకు చూద్దాం అంటూ తనే వాయిదా వేశాడు. ఆ మాట మూడేళ్లుగా అతన్ని లోపల్లోపల కాలుస్తూనే ఉంది.

"ఇచ్చేద్దాం," అన్నాడు చివరికి, భార్య ముఖం చూడకుండా.

నితీశ్ మూడు షరతులు చెప్పాడు. కారును కడగొద్దు, లోపలి వస్తువు ఏదీ కదిలించొద్దు. మధ్యాహ్నానికల్లా పాత పత్తిమిల్లు దగ్గర అప్పజెప్పాలి.

ప్రాజక్తకు అది వింతగా తోచింది. "అంత ధర పెట్టి కొనేటోడు బండిని చూడనన్న చూడడా?"

"నాకేం తెల్వదక్కా. కొనేటాయన గట్లనే చెప్పమన్నడు," అన్నాడు నితీశ్.

తీరా చూస్తే బండి స్టార్ట్ కాలేదు. ఎప్పటి నుంచో దాన్ని చూస్తున్న ముసలి మెకానిక్ పోశన్నను పిలిపించారు. గంటసేపు చూసి అతను చేతులు తుడుచుకున్నాడు.

"భావు, మూడేండ్ల సంది నేను నెత్తి కొట్టుకుంటున్న. ఇంజన్ మంచిగుంది. బ్యాటరీ మంచిగుంది. ఆగెటందుకు దీనికి కారణమే లేదు." అంటూ వైర్లు చూద్దామని వెనకసీటు పైకెత్తాడు. స్పాంజి మధ్యలో ఏదో గట్టిగా చేతికి తగిలింది. కత్తితో కుట్లు కోశాడు.

నల్లగుడ్డలో చుట్టి... కపాలం!

ఖాళీ కనుగుంతలు... దవడలేని ముఖం... నుదుటి మీద మూడేళ్లయినా తడి ఆరని సిందూరపు అక్షరాలు! పోశన్న చేతిలోంచి అది జారి వాకిట్లో దొర్లింది. దొర్లి దొర్లి సరిగ్గా జనాబాయి పాదాల దగ్గర ఆగింది.

"ముట్టకు వదినె," అన్నాడు పోశన్న. "గిది బాణామతి. గోదాట్ల కలిపేద్దాం."

అప్పటికే ఆమె వంగి కూతురి పేరును వేలితో తడిమింది.

ఫెళఫెళమంటూ ఉరుము! జనాబాయి కనుగుడ్లు తెల్లగా తేలిపోయాయి. ముడి వీడిన జుట్టు ముఖమంతా కప్పేసింది. పళ్లు పటపట కొరుకుతూ ఆమె తల ఎత్తింది. ఆ గొంతులోంచి వచ్చిన మాట అరవయ్యేళ్ల జనాబాయిది కాదు.

"బాపు..."

ఆ గొంతు వెంకటికి తెలుసు.

"గా రోజు నువ్వు వానల ఎంత కొట్టుకులాడినవో నేను సీట్ల పండుకొని అంతా చూసిన బాపు. తప్పు నీది కాదు. బండిది గూడ కాదు. చేసినోడు మిల్లుల కూసున్నడు. నా కోసమే చూస్తుండు." ఆ పెదవుల మీద భయంకరమైన నవ్వు విరిసింది. "పోదాం. ఆలస్యం చెయ్యొద్దు."

ఏనాడూ స్టీరింగ్ పట్టి ఎరుగని జనాబాయి కపాలాన్ని ఒళ్లో పెట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. ఉదయం నుంచి మొండికేసిన బండి ఒక్క తిప్పుకే గర్జించింది. వెంకటి తూలుకుంటూ వచ్చి ముందు కూర్చున్నాడు. తల్లిని ఒంటరిగా పంపలేక ప్రాజక్త వెనకసీట్లోకి దూకింది. నితీశ్ ఆ సరికే గల్లీ దాటి పరుగెత్తుతున్నాడు.

* * *

వాన... ఉరుములు... వీధిదీపాల్లేని పగటిచీకటి! ఆ చీకటిని చీల్చుకుంటూ తెల్లకారు మిల్లులోకి దూసుకొచ్చి, సరిగ్గా బూడిద వలయం మధ్యలో ఆగింది.

విలాస్ లేచి నిలబడ్డాడు. అతని వికటాట్టహాసం రేకులకప్పులో ప్రతిధ్వనించింది.

"అచ్చినవా పంతులమ్మా. నీ కాళ్లతోటి నువ్వే అచ్చినవ్."

కారులోంచి దిగిన జనాబాయి జుట్టు విరబోసుకుని అతని మీదికి లంఘించింది. విలాస్ గుప్పెడు భస్మం విసిరి, శ్రద్ధ పేరును, నక్షత్రాన్ని కలిపి ఉచ్చరించాడు. అంతే! ఎవరో కనపడని గొలుసుతో లాగినట్లు ఆమె నేలకు ఒరిగింది. గొంతు పగిలేలా కేక వేసింది. రెండోసారి పేరు... ఆమె వేళ్లు నేలను గీరుతూ అతని పాదాల వైపు జరిగాయి. మూడోసారి పేరు... ఆ నుదురు అతని బొటనవేలికి తాకింది.

భార్యను లేవదీయడానికి వెంకటి దిగబోయాడు. కాళ్లు కదలలేదు.

"నన్ను కోర్టుల నిలబెట్టినవ్ కదా. ఇగ యుగాలు గడిచినా నా గడప ముందట నిలబడి ఉంటవ్." విలాస్ ఆమె చేతిలోంచి జారిపడ్డ కపాలాన్ని అందుకుని దవడతో జత చేశాడు. రెండు ఎముకలూ కలిసిన చప్పుడు మిల్లంతా వినిపించింది.

సరిగ్గా అప్పుడు... వెనకసీటులో ఒంటరిగా ఉన్న ప్రాజక్త తొడకు ఆనుకుని, చిన్నగా, వెచ్చగా ఏదో కదిలింది. ఖాళీగా ఉన్న ఆ సీట్లోంచి అప్పుడే పుట్టిన పసిగుడ్డు ఏడుపు వినిపించింది!

విలాస్ నవ్వు ఆగిపోయింది.

"ఎవరది?"

ఏడుపు పెద్దదైంది. హోమకుండంలో మంట ఒక్కసారిగా వంగి, అతని వైపు తిరిగింది.

"నీ పేరేంది? చెప్పు, నీ పేరేంది?"

అతను అంజనం పూశాడు, ముగ్గులు గీశాడు, నోటికొచ్చిన బీజాక్షరాలన్నీ ఉచ్చరించాడు. ఏదీ పనిచేయలేదు. మంత్రం ఎవరి మీద పారాలన్నా పేరు కావాలి, పుట్టిన నక్షత్రం కావాలి. ఆ బిడ్డ పుట్టలేదు. ఎవరూ పేరు పెట్టలేదు. కపాలం మీద శ్రద్ధ ఒక్కదాని పేరే రాసి, ఆ రోజు సీటులో రెండు ప్రాణాలున్న సంగతి అతను లెక్కలోకే తీసుకోలేదు. పుట్టనివ్వలేదన్న పగ మూడేళ్లుగా ఆ చీకటిలో పెరిగింది... కట్టేవాడు లేక, ఆపేవాడు లేక!

కారు వెనకతలుపు దానంతటదే తెరుచుకుంది. ప్రాజక్త బయటికి దూకింది. మరుక్షణం విలాస్ నడుము పట్టి ఎవరో ఈడ్చినట్లు అతను నేలమీద కొట్టుకుంటూ, అరుస్తూ ఆ సీట్లో వెల్లకిలా పడ్డాడు. తలుపు మూసుకుంది. కపాలం పిడికెడు బూడిదై రాలింది.

అప్పుడు మొదలయ్యాయి అతనికి... నొప్పులు!

కడుపును లోపలి నుంచి ఎవరో రెండు చేతులతో చీలుస్తున్నట్లు మెలికలు తిరిగాడు. అద్దాలను పిడికిళ్లతో గుద్దాడు. ఒక్కో అల వచ్చి పోయేసరికి ఒళ్లంతా చెమట ముద్దవుతోంది. ఇంకో అల... ఇంకోటి...

నేలమీద జనాబాయి కళ్లు తెరిచింది. ఆవేశం దిగిపోయింది. ఇప్పుడు ఆమె ఉత్త జనాబాయే. మెల్లగా లేచి కారు దగ్గరికి వచ్చింది.

"అవ్వా... బండి స్టార్ట్ చెయ్యి," ఏడ్చాడు విలాస్. "నన్ను దవాఖానకు తీస్కపో. నీ కాళ్లు మొక్కుత."

జనాబాయి ముందుసీట్లో కూర్చుంది. తాళం చెవిని ఒక్కసారి తిప్పింది. ఇంజన్ దగ్గినట్లు రెండుసార్లు అని ఆగిపోయింది. బండి కదులుతుందని ఆమె తిప్పలేదు. ఆ చప్పుడు వాడు వినాలని తిప్పింది.

"గా రోజు గూడ గిట్లనే అయింది," అని చెప్పి దిగి తలుపు వేసింది.

ప్రాజక్త ఫోను తీసింది. "అమ్మా... అంబులెన్సు పిలవనా?"

"పిలువు బిడ్డా. మనం గూడ పిలిచినం కదా. వాళ్లు అచ్చినప్పుడు అస్తరు."

దారిలో వాగు పొంగింది. వాళ్లు వచ్చేసరికి రెండు గంటలైంది. అమావాస్య ఘడియలు దాటాయి. వెనకసీట్లో విలాస్ కళ్లు తెరిచి, నోరు తెరిచి, బిగుసుకుపోయి ఉన్నాడు. ఒంటి మీద ఒక్క గాయం లేదు. గుండె ఆగి చనిపోయాడని డాక్టర్లు రాశారు. కోడి తలను, హోమకుండాన్ని చూసిన పోలీసులు వెంకటిని పెద్దగా అడిగిందేమీ లేదు.

పోలీసులు తిరిగి ఇచ్చిన నాడే వెంకటి ఆ కారును తుక్కుకు వేశాడు. యంత్రం దాన్ని రేకుముద్దగా నలిపేదాకా అక్కడే నిలబడ్డాడు. శ్రావణంలో ప్రాజక్త ఎంచిన కొత్త కారు ఇంటికి వచ్చింది. దాంట్లో మొదటిసారి ఎక్కడికి పోదామని అడిగితే, గోదావరికి అంది జనాబాయి.

ఘాటు మెట్లు దిగి ఆమె నడుములోతు నీళ్లలో నిలబడింది. ఏటికి పసుపుకుంకుమలు వదిలింది. తర్వాత రెండు చేతులూ దోనెలా చేసి, వాటిలో ఏదో ఉన్నట్లు ముఖం దగ్గరికి తెచ్చుకుని, పసిబిడ్డ చెవిలో చెప్పినట్లు మూడుసార్లు గుసగుసగా ఒక మాట చెప్పింది. చేతులు విప్పింది. నీళ్లు జారిపోయాయి.

తిరిగి వస్తుంటే వెంకటి ఉండబట్టలేక అడిగాడు. "ఏం పేరు పెట్టినవ్?"

జనాబాయి కిటికీ అద్దం పైకెత్తింది.

"చెప్ప," అంది. "ఒకసారి నోట్లె పడ్డదంటే ఎవడో ఒకడు నేర్చుకుంటడు."