కదలకుండా నిలబడ్డ మనిషి

"కదలొద్దని చెప్పానా!"

సుత్తి ఎత్తిన కూలీ అలాగే ఆగిపోయాడు. సర్వే అమ్మాయి కోపమంతా రోడ్డు ఇంజనీరు బూట్ల మీద ఉంది.

కొత్త రోడ్డు కోసం చదును చేసిన నేలలో ఆమె వరసగా సెన్సార్లు గుచ్చింది. ఇనప పలక మీద సుత్తి దెబ్బ పడితే, ఆ అదురు నేలలో ఎలా పరుగెత్తిందో స్క్రీన్ మీద గీతలు చెబుతాయి. పక్కన ఎవరు అడుగేసినా గీతలు చెడిపోతాయి.

"నేను నడిస్తే భూకంపమా మేడమ్?"

"ఆ బూట్లకి అంతే."

అతను నవ్వాడు. ఆమెకీ నవ్వొచ్చింది కానీ బయటపడనివ్వలేదు.

మర్నాడు ఉదయం సైట్ ఆఫీసులో ఆమె తేల్చి చెప్పింది. "కిందంతా గట్టి రాయే. ఆఖరి దెబ్బ గీతలు మాత్రం వంకర. మీ నడక పుణ్యమే. తీసేశాను."

కిటికీ అవతల రోడ్డు రోలర్ ఆ చదును నేల మీదకి బయల్దేరింది. నడుపుతున్నది ఇంజనీరు బాబాయి. తండ్రి పోయాక అతన్ని పెంచింది ఆయనే.

అతని ముఖం మారిపోయింది. "ఆఖరి దెబ్బకా? అప్పుడు నేను నడవలేదే!"

"సాకులొద్దు."

"ఒట్టు. అడుగు కూడా వేయలేదు."

"అంత బాగా ఎలా గుర్తుంది?"

అతను తల దించుకున్నాడు. "జుట్టు చెవి వెనక్కి తోసుకుని మీరు స్క్రీన్ మీదకి వంగారు. మిమ్మల్నే చూస్తూ నిలబడిపోయాను. ఈ మాట ఇలా చెప్పాల్సొస్తుందనుకోలేదు."

ఆమె గుండె ఝల్లుమంది. సిగ్గుతో కాదు. అతను కదలలేదంటే ఆ వంకర అడుగులది కాదు. గట్టి రాయిలో వేగంగా పోయే అదురు అక్కడ ఆలస్యమైందంటే, నేల కింద గుల్ల!

"రోలర్ ఆపండి!"

ఇద్దరూ పరుగెత్తారు.

"బాబాయ్! ఆపు! దిగిపో!"

"ఏంట్రా, కొంప మునిగినట్టు ఆ అరుపులు?" అంటూనే పెద్దాయన దిగాడు.

ఆఖరి దెబ్బ కొట్టిన చోటికి డ్రిల్లింగ్ మిషన్ తెప్పించారు. రాడ్ కాస్త దిగిందో లేదో, పట్టు తప్పి సర్రున లోపలికి జారిపోయింది.

"తప్పు నాది. మళ్లీ కొట్టించాల్సింది," అంది ఆమె.

"నా ప్రాణం దక్కింది కదమ్మా. ఇంతకీ వీడు కదల్లేదని ఎలా తేలింది?"

అతను ఆకాశం కేసి చూశాడు.

"నన్ను చూస్తూ నిలబడిపోయారట," అంది ఆమె.

పెద్దాయన నవ్వలేదు. కళ్లు తుడుచుకున్నాడు. "ఒక్క చోట నిలబడే రకం కాదమ్మా వీడు. నీ దగ్గరే నిలబడ్డాడు. ఇక నీ ఇష్టం."

గుల్ల ఎంత దూరం ఉందో తేల్చడానికి మధ్యాహ్నం మళ్లీ సుత్తి లేచింది. ఆమె చెయ్యెత్తగానే అందరూ బొమ్మల్లా ఆగిపోయారు. అతనూ ఆగాడు.

ఈసారి ఆమె కళ్లు మాత్రం స్క్రీన్ మీద లేవు.