ఆరు గంటల ఏకమాట

ఆ రోజులకి ఎండ ఎంత ముదిరిందంటే, ఉప్పుమడుల్లోకి దిగే ప్రతి ఆడదీ ఒంటిని చల్లబరిచే చలువచొక్కా తొడుక్కోవాల్సిందే. అది తొడుక్కుని ఎన్ని గంటలు పనిచేస్తే ప్రాణానికి ముప్పుండదు? ఆ లెక్క తేల్చడానికి వచ్చిందే ఏకమాట యంత్రం.

అదేం చేస్తుందంటే, పన్నెండుమంది నిపుణులను ఒకరి పేరు ఒకరికి తెలియకుండా విడివిడిగా అడుగుతుంది. అందరి సంఖ్యల్లో నడిమి సంఖ్యను, అదే మీడియన్‌ను, అందరికీ చూపించి మళ్ళీ అడుగుతుంది. ఆ సంఖ్యకి దూరంగా ఉన్నవాళ్ళు కారణం రాయాలి. అలా మూడు విడతలు. పెద్దగొంతు వాడి మాటే చెల్లకూడదని కనిపెట్టిన పద్ధతి మరి. పదకొండుమంది చదువుకున్నవాళ్ళు, పన్నెండోది ముప్పైయేళ్ళుగా మడుల్లో మేస్త్రీగా చేస్తున్న దాలమ్మ.

ఆరు గంటలని తేలింది. మొదటిరోజే నాలుగో గంటలో దాలమ్మ తోటికోడలు అసిరమ్మ ఉప్పు మీద బోర్లా పడింది. మళ్ళీ లేవలేదు.

మర్నాడు పొద్దున్నే దాలమ్మ యంత్రం గదికి వెళ్ళింది. దాన్ని నడిపే శాస్త్రవేత్త శౌరి కుర్చీలోంచి లేచాడు.

"కూకో బాబూ, నీతో కాదు నాకు పని. ఒలే యంత్రమా, పేర్లొద్దు, మొదటిసారి ఎవులెంత సెప్పారో సెప్పు."

"మూడు, రెండున్నర, మూడు, మూడు, నాలుగు..." అంటూ యంత్రం పన్నెండూ చదివింది. ఒక్కటీ నాలుగు దాటలేదు.

"మరి ఆరెక్కడిదే?"

"రెండో విడతలో నడిమి సంఖ్య గడిలో ఆరు ఉంది."

శౌరి మొహం పాలిపోయింది. "యంత్రాన్ని పరీక్షించడానికి ఆ గడిలో పాత పనిగంటలు ఆరు నేనే వేశాను. గడి ఖాళీగా ఉంటే యంత్రం నడవదమ్మా. తర్వాత చెరపడం మరిచాను."

"దాన్ని సూసి ఇంతమందీ అటు జరిగిపోయారా?"

"మీరూ జరిగారు," అంది యంత్రం. "మొదట మూడు. మూడో విడతలో అయిదున్నర."

చదువుకున్నోళ్ళకి తెలీదా అనుకుని దాలమ్మ రాసిన అయిదున్నర అది. కోపం శౌరిని దాటి తన మీదికే మళ్ళింది.

శౌరి ఆ గంటలోనే తప్పు ఒప్పుకుంటూ అందరికీ నాలుగో విడత పంపాడు. జవాబులు వచ్చాయి. పదకొండూ ఆరే. 'నా కారణాలు అప్పుడే రెండు పేజీలు రాశాను' అన్నారొకరు. 'ఇంతమంది ఒక్కమాట మీదున్నాక పొరపాటెలా అవుతుంది' అన్నారింకొకరు.

"మీ సంఖ్య?" అడిగింది యంత్రం.

"మూడు."

"మీరొక్కరే దూరంగా ఉన్నారు. కారణం రాయండి."

"థూ, నీ బతుకు సెడ," అని దాలమ్మ మడులకేసి నడిచింది.

ఆమె చేరేసరికి పని మొదలై మూడు గంటలు నిండాయి. "సాలు, గట్టెక్కండే," అని కేకేసింది. నూటనలభైమంది పని ఆపారు. ఎవరు ముందు కదులుతారా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి మళ్ళీ నడుములు వంచారు.

దాలమ్మ మడిలోకి దిగి, దగ్గరున్నదాని చేతిలోంచి ఉప్పు లాగే కర్ర గుంజి అవతల పారేసింది. తర్వాత దాని పక్కదానికేసి నడిచింది.