చేప తల ఎటువైపు

"తల అటు పెట్టకు. తోక పెట్టు," అన్నారు థాంగ్ మాస్టారు.

"వచ్చేది అతిథి. అతిథివైపు తోక పెడతారా ఎవరైనా?" అంది ఆయన భార్య, పళ్ళెం వదలకుండా.

"మా అమ్మ పోయిన రోజు గడప తొక్కనివాడు నాకు అతిథి కాదు."

"మరి భోజనానికి ఎందుకు పిలిచారు?"

"నేను పిలిచానా? నువ్వు పిలిచావు. నేను వద్దనలేదు, అంతే."

తియ్యపుల్లని పులుసులో మునిగిన బంగారుతీగ చేప ఆ ఇద్దరి మధ్య బల్లమీద ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిరుగుతోంది. ఛూఫూలో చేప తల ఎవరివైపు ఉంటే ఆ పూటకి వాళ్ళే పెద్ద. మొదటి గ్లాసు వాళ్ళది. వాళ్ళు తినేదాకా మిగతావాళ్ళు చెయ్యి పెట్టరు.

"కన్ఫ్యూషియస్ పుట్టిన ఊళ్ళో చేపలకి కూడా మర్యాదలే," అని విసుక్కున్నారు మాస్టారు. పాత ఆచారాలన్నీ కూలదోయాలని దేశమంతా ఊగిపోయిన రోజుల్లో, పదహారేళ్ళ వయసులో, ఇదే ఊళ్ళో, ఆ మహానుభావుడికి వ్యతిరేకంగా ఊరేగింపులో గొంతు పోయేలా అరిచినవాళ్ళలో ఆయనొకరు. ఇప్పుడు ఆ మహానుభావుడి బొమ్మ ఉన్న కప్పులోనే టీ తాగుతారు. కప్పు వేడి నిలుపుతుందట.

కిటికీ దగ్గర వెల్లుల్లి ఒలుస్తున్న కూతురు సూయీ తల ఎత్తలేదు. బల్లకి ఆ చివర నానమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. తొమ్మిది నెలలుగా దాన్ని ఎవరూ తీయలేదు, ఎవరూ కూర్చోలేదు.

బయట సన్నగా వాన మొదలైంది.

ఇవాళ రాబోయే యెన్ బోహాన్‌ని సూయీ మొదటిసారి చూసిన రోజు కూడా వానే.

మూడేళ్ళ క్రితం, జీనాన్ నగరంలో ఒక సదస్సు. ఆధునిక చైనా తత్వశాస్త్రంలో పాత ఆచారాల స్థానం ఏమిటని చర్చ. సూయీ అప్పుడు పరిశోధన విద్యార్థిని. ఆమెకి అప్పగించిన పని గంట కొట్టడం. ఎవరి సమయం అయిపోతే వాళ్ళకి ఒకసారి కొట్టాలి. బోహాన్‌కి నాలుగుసార్లు కొట్టింది.

"మర్యాద గురించి చెబుతున్న మనిషికి ఇన్ని గంటలు కొట్టడం మర్యాదేనా అండీ?" అన్నాడు మైకులోనే.

"తన తర్వాత ఇంకో నలుగురు మాట్లాడాలని మరిచిపోవడం మర్యాదా అండీ?"

హాలంతా నవ్వింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులే ఆమెకి గుర్తుండిపోయాయి.

టీ విరామంలో గొడుగు వెతుక్కుంటూ వచ్చి అతనే పలకరించాడు. ఛూఫూలో కొత్తగా తెరిచిన ఒక విద్యాలయంలో పిల్లలకి పాత గ్రంథాలు చెబుతాడట.

"మనసులో గౌరవం ఉంటే చాలు, బయటి ఆచారం అక్కర్లేదని రాశారటగా మీరు? గిన్నె లేకుండా నీళ్ళు పట్టుకోగలరా?"

"దాహమేస్తే మీరు గిన్నెని తాగుతారా?"

"మీది ఏ ఊరు?"

"ఛూఫూ."

"అయ్యో," అన్నాడు. "అయితే ఈ గొడవ తొందరగా తేలదు."

తేలలేదు. ఆ వేసవంతా సాగింది. అతను ఇంటికి రావడం మొదలయ్యాక నానమ్మ అతనికి ఉల్లికాడ పెట్టి రొట్టె చుట్టుకోవడం నేర్పింది. "ఈ పుస్తకాల పురుగుకి తినడం తప్ప అన్నీ వచ్చు," అని నవ్వేది. చేప వండినప్పుడల్లా బుగ్గ దగ్గరి మెత్తని ముక్క తీసి, మనవరాలికి పెట్టాల్సింది కాస్తా అతని గిన్నెలో వేసేది. సూయీ అలిగేది.

ఆ శరదృతువులోనే సూయీ ఆ మాట అంది. విద్యాలయంలో బహిరంగ చర్చ. రెండు వందల మంది ఎదుట, గెలవాలన్న పంతంలో అడిగింది:

"తండ్రి పోతే మూడేళ్ళు దుఃఖదీక్ష అంటారు. పిల్లలకి చెబుతున్నారు సరే, మీరు చేస్తారా? మాంసం లేకుండా, వేడుక లేకుండా, పెళ్ళి లేకుండా?"

"చేస్తాను," అన్నాడు బోహాన్. "చేయలేనిది చెప్పను."

చప్పట్లు మోగాయి. ఇద్దరూ బయటికి వచ్చి, వీధి చివర వేడి చిలగడదుంపలు కొనుక్కుని, ఆ విషయమే మరిచిపోయారు.

నాలుగు నెలలకి అతని తండ్రి పోయాడు. సూయీతో పెళ్ళి ముహూర్తం అప్పటికి ఆరు వారాల్లో ఉంది.

మూడేళ్ళ దీక్ష అంటే మూడో ఏట అడుగుపెట్టేదాకా, లెక్కకి ఇరవై అయిదు నెలలు. బోహాన్ సొంత ఊరికి వెళ్ళిపోయి, గుట్టమీద తండ్రి సమాధి పక్కన తోటలో గుడిసె వేసుకున్నాడు. వెళ్ళే ముందు సూయీ వైపు చూశాడు. 'సరదాకి అన్నాను, వదిలెయ్' అని ఆమె ఒక్క మాట అంటుందేమోనని చూశాడో, అనకూడదని చూశాడో. ఆమె మాత్రం, "నీ గిన్నె జాగ్రత్త," అని నవ్వబోయింది. నవ్వు సరిగ్గా రాలేదు.

పదహారో నెలలో నానమ్మ పోయింది. పోయేముందు రెండుసార్లు అడిగింది, "ఆ పిల్లాడి దీక్ష ఇంకెన్నాళ్ళే?" అని.

అంత్యక్రియలకి అతను రాలేదు. ఉత్తరం వచ్చింది. దీక్షలో ఉన్నవాడు వేరే ఇంటి చావుకి పరామర్శకి వెళ్ళకూడదని, క్షమించమని. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మాస్టారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, "చేతిరాత బాగుంది," అన్నారు. తర్వాత అతని పేరెత్తలేదు.

తలుపు చప్పుడైంది.

తల్లి వంటింట్లోకి పరిగెత్తింది. మాస్టారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. సూయీ వెళ్ళి తలుపు తీసింది.

బోహాన్ చిక్కిపోయాడు. భుజాలు తడిసి ఉన్నాయి.

"గొడుగేది?"

"మరిచిపోయాను."

"రెండేళ్ళు చెట్ల కింద కూర్చుని అదే నేర్చుకున్నావా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె మెట్ల మీదకి వచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

"ఒకటి చెప్పు. ఉత్తరం రాయడానికి ఎంతసేపు పట్టింది?"

"నాలుగు రోజులు. అంత్యక్రియలు అయ్యాక రాశాను. ఆ రోజు నేను వచ్చాను, సూయీ."

"ఎక్కడికి?"

"మీ సందు చివరికి. వెనిగర్ కొట్టు పక్కన నిలబడ్డాను. నీ తలమీది తెల్లగుడ్డ జారిపోతుంటే, చేతుల్లో నానమ్మ ఫోటో ఉందని, ఒక కొస పళ్ళతో పట్టుకుని ముడి వేసుకున్నావు. ఎవరూ సాయం రాలేదు."

సూయీ మెట్ల కమ్మీ పట్టుకుంది. ఆ ముడి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

"నలభై అడుగుల దూరం కూడా లేదు కదా, బోహాన్."

"లేదు."

"మరి?"

"నియమం తప్పుతానని భయమేసింది. నీతో పందెం ఓడిపోతాననీ భయమేసింది. ఏది ఎంతో ఇప్పటికీ తెలియదు. వెనక్కి వెళ్ళిపోయాను. ఇన్నాళ్ళూ మా నాన్న సమాధి దగ్గర కూర్చుని, మీ సందు గురించే ఆలోచించాను. దీక్ష మా నాన్నకి కూడా పూర్తిగా దక్కలేదు."

వాన చూరు మీంచి కారుతోంది.

"ఆ రోజు అందరి ముందూ అడిగింది నేను," అంది సూయీ. "నీ కోసం కాదు, చప్పట్ల కోసం. సరదాకన్నానని ఒక్క మాట అని ఉంటే, నానమ్మ మన పెళ్ళి చూసి ఉండేది."

"నువ్వన్నా నేను వినేవాణ్ణి కాదేమో."

"అనాల్సింది మాత్రం నేనే."

లోపలి నుంచి తల్లి కేక వేసింది. "చేప చల్లారిపోతోంది! సిద్ధాంతాలు తర్వాత!"

బోహాన్ లోపలికి వచ్చి మాస్టారికి వంగి నమస్కరించాడు. ఆయన పేపరు కొంచెం దించారు.

"సన్నబడ్డావు," అన్నారు. "మీ అమ్మగారెలా ఉన్నారు?"

"మోకాలి నొప్పి, మాస్టారూ. రెండేళ్ళు నాకు గుట్టమీదకి అన్నం మోసింది."

"హుఁ. పోయినవాళ్ళకి కొడుకువి, ఉన్నవాళ్ళకి బరువువి." అన్నాక, తన మాట తనకే గట్టిగా తగిలినట్టుంది. "కూర్చో, కూర్చో."

"నిజమే, మాస్టారూ," అని కూర్చున్నాడు బోహాన్.

తల్లి చేప పళ్ళెం బల్లమధ్య పెట్టింది. తల బోహాన్ వైపే ఉంది. మాస్టారు చూశారు. భార్య ఆయన్నే చూస్తోంది. ఆయన మళ్ళీ పేపరులోకి చూశారు.

"దీక్ష నిన్నటితో అయిపోయింది. ఈ నెలాఖరున మంచి రోజుందట," అంది తల్లి ఉత్సాహంగా. "చిన్నగా చేసేద్దాం. తిను నాయనా, చేప తల నీవైపుంది, నువ్వు మొదలుపెడితేగానీ మేం తినకూడదు."

బోహాన్ చాప్‌స్టిక్స్ తీశాడు. పళ్ళెం వైపు సాగిన చెయ్యి దారిలో ఆగిపోయింది. అతను ఖాళీ కుర్చీ వైపు చూస్తున్నాడు.

సూయీ లేచింది. పళ్ళేన్ని రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా తిప్పింది. పులుసు అంచు దాకా వచ్చి ఆగింది. చేప తల నానమ్మ కుర్చీకి ఎదురుగా నిలిచింది.

"నెలాఖరున కాదమ్మా. నానమ్మకి మనవరాలు ఏడాది దీక్ష ఉండాలి. ఇంకా మూడు నెలలుంది. అది అయ్యాకే పెళ్ళి."

మాస్టారు పేపరు పూర్తిగా దించేశారు. "నువ్వా? బయటి ఆచారం అక్కర్లేదని పుస్తకం రాసినదానివి!"

"రాశాను నాన్నా. నానమ్మ ఆ తర్వాత పోయింది."

తల్లి ఏప్రన్ అంచుతో కళ్ళు ఒత్తుకుంది. మాస్టారు చాప్‌స్టిక్స్‌తో చేప బుగ్గ దగ్గరి మెత్తని ముక్క తీశారు. ఖాళీ కుర్చీ ముందు గిన్నె లేదు. కాసేపు ముక్కని గాల్లోనే పట్టుకుని, చివరికి బోహాన్ గిన్నెలో వేశారు.

"మా అమ్మ ఉంటే ఇక్కడే వేసేది," అన్నారు, ఎవరికీ కాకుండా.

సూయీ కూర్చుంది.

"బోహాన్, ఒకటి అడుగుతాను. పందెం కాదు. దీక్షలో ఉన్నవాళ్ళు ఇతరుల ఇంటికి పోకూడదు, సరే. వాళ్ళ ఇంటికి ఇతరులు రావచ్చా?"

"రావచ్చు," అన్నాడు బోహాన్. "రావాలి."

"అయితే ఈ మూడు నెలలూ ప్రతి ఆదివారం ఇక్కడే నీ భోజనం. మీ అమ్మగారిని కూడా తీసుకురా. నానమ్మ కుర్చీ పక్కన కూర్చో. గొడుగు తెచ్చుకో. సందు చివర మాత్రం ఆగకు."